గాలము వేయు విధము, వేళ

గత సంవత్సరము దీపావళి సెలవులకు ముందు ఒక తండ్రిగారు మా గదికి వచ్చి, "సార్, చేపలు పట్టుడు నేర్పుతందుకా పోరన్ని బడికి తోలింది?" అని సూటిగా అడిగిరి. వారి కుమారుడు సంచిలో పుస్తకములతోపాటు గాలము, తంగూసు పెట్టుకొని తిరుగుచుండెనట. అడిగినచో "బడిలో చెప్పిన్రు" అనెనట. బాలుడు చెప్పినది నిజమే. ఆనాడు వారికి నిలువుకాళ్లమీద చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. కావున ఈ వార్షిక సంచికలో తల్లిదండ్రులందఱకును విపులముగా వ్రాయుచున్నాము.

మేము మొదటినుండియు ఈ అభిప్రాయము గలవారము కాము. సుమారు పదునైదేండ్ల క్రిందట వేఱొక గ్రామమున పనిచేయుచుండగా, వాగునకు చేపలకై పోయిన పిల్లవానిని బడినుండి పంపివేయుదుమని ప్రార్థన సమయమున ప్రకటించితిమి. పిల్లలు మానలేదు, దాచుట నేర్చుకొనిరి. ఆరుద్ర కార్తెలో ఏడవ తరగతి బాలుడొకడు, తన్నెవరును చూడరాదని, తోటివారిని పిలువక ఒంటరిగా వాగునకు పోయెను. ఊరిలో చినుకు లేదు. ఎగువ అడవిలో ఎక్కడనో కురిసిన వాన వాగై వచ్చెను. బాలుడు ఏఱుమద్ది వేరు పట్టుకొని చాలసేపు వ్రేలాడెను. పశువులు కాచువాడు కేక విని త్రాడు విసరి బయటికి లాగెను. మఱునాడు ఆ తల్లి మాతో తగవులాడలేదు. "నలుగురితోని పోనిచ్చినా బాగుండు సార్" అని మాత్రము అనెను. బాలుడు ఒంటరిగా పోవుటకు కారణము మా ఆజ్ఞయే గదా! నాటినుండి నిషేధించుట మాని నేర్పుట మొదలుపెట్టితిమి.

జిమల్‌గట్ట ఆలాపల్లినుండి సిరొంచకు పోవు త్రోవలో అడవి నడుమ నున్న ఊరు. మన ప్రాంతమునకు నీటికి కొదువ లేదు. వార్ధా, వైన్‌గంగా నదులు చప్రాళ వద్ద కలిసి ప్రాణహిత యగును. అది సిరొంచ వద్ద, ఆవలి ఒడ్డున కాళేశ్వరము కనబడుచుండగా, గోదావరిలో కలియును. ఇంకను దిగువన సోమనూరు వద్ద ఇంద్రావతి వచ్చి చేరును. వీనికి తోడు ఊరూర చెరువులు, అడవి వాగులు కలవు. ఇట్టి చోట పుట్టిన బిడ్డను నీటికి దూరముగా ఉంచుట ఎవరి తరము? నీటి గుణము తెలిసి, వేళ తెలిసి పోవునట్లు చేయుటయే మన చేతిలో నున్న పని. గాలపు విద్యలో సగము ఈ తెలివియే.

మొదట సాధనములను గూర్చి. పది పండ్రెండడుగుల సన్నని వెదురుకఱ్ఱ, దాని పొడవునకు సమానమైన తంగూసు, ఒక బెండు, చిన్న సీసపు గుండు, గాలము. ఇంతకు మించి ప్రారంభకునకు అక్కఱలేదు. గాలములకు అంకెలు గలవు. అంకె పెరిగినకొలది గాలము చిన్నదగును. పరకలవంటి చిన్న చేపలకు 12, 14 అంకెల గాలములు, మోస్తరు రవ్వలకు 6, 8 అంకెలవి చాలును. పెద్ద గాలమునకు పెద్ద చేప పడునని పిల్లల నమ్మకము. నోరు పట్టని గాలమును ఏ చేప మ్రింగును? ముడి వేసినపుడు దారమును గాలపు కాడకు అయిదుసార్లు చుట్టి, కొనను మొదటి కన్నులో దూర్చి, ఉమ్మితో తడిపి మెల్లగా బిగింపవలయును. తడుపక లాగినచో రాపిడి వేడికి తంగూసు బలహీనమగును. పెద్ద చేప తెంపుకొని పోయినదని చెప్పు కథలలో చాలవఱకు తెగినది ముడియే.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన పాఠము. ఒకనాడు అంగడినుండి బొచ్చె, రవ్వ, మిరిగ అను మూడు చేపలను తెప్పించి బల్లపై ఉంచి, పిల్లలను వాని నోళ్లు మాత్రమే చూడుమంటిమి. బొచ్చె నోరు పైకి తిరిగి యుండును. క్రింది దవడ ముందుకు వచ్చి యుండును. అది నీటి పైభాగమున తేలు సూక్ష్మజీవులను తినునది. రవ్వ నోరు కొంచెము క్రిందికి వంగి, పెదవుల అంచులు కుచ్చులవలె ఉండును. అది నడిమి నీటిలో మేయును. మిరిగ నోరు ఇంకను క్రిందుగా ఉండును. అది అడుగున కుళ్లిన ఆకును, బురదను వెదకి తినును. మూడు చేపలు ఒకే చెరువులో పోటీ లేక బ్రతుకుటకు ఇదియే కారణము. మూడింటిని కలిపి చెరువులలో పెంచుటకును ఇదియే ఆధారము. గాలము వేయువానికి దీనినుండి తెలియునది ఒక్కటే: ముందు ఏ చేప కావలయునో నిశ్చయించి, బెండును దారముపై పైకో క్రిందికో జరిపి, ఎఱ ఆ లోతున నిలుచునట్లు చేయవలయును. ప్రక్కవానికి పడి తనకు పడకున్న బాలుడు చోటు మార్చును. మార్చవలసినది చాల సారులు చోటు కాదు, లోతు.

బెండు గాలము చెరువునకు, వాగులోని నిలుకడ మడుగునకు తగినది. తవుడు, వేరుసెనగ చెక్కపొడి కలిపి ముద్దచేసి గాలమునకు పెట్టుదురు. అదే మేతను పిడికెడు ముందుగా చల్లి అరగంట ఆగినచో చేపలు అచ్చటికి చేరును. ఈ రహస్యము క్రొత్తది కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి నేలిన పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమను సంస్కృత గ్రంథమున మత్స్యవినోదమను భాగము కలదు. చేపల జాతులు, వానికి వేయదగిన మేత, గాలముతో పట్టు విధము అందు వర్ణింపబడినవి. మత్స్యశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా 1951లో దీనిపై వ్యాసము ప్రకటించెను. ఇంగ్లండున ఐజాక్ వాల్టన్ గాలపు వేటపై వ్రాసిన ప్రసిద్ధ గ్రంథము 1653 నాటిది. గాలము పట్టుట దొరల వినోదమని తలచువారు మన దక్కను రాజు అంతకు అయిదువందల ఏండ్లు ముందే వ్రాసెనని గమనింతురు గాక.

వేళల సంగతి చెప్పుదము. పంచాంగములోని కార్తెలు ఇందుకు గడియారముకంటె మేలు. మరాఠీ ఇండ్లలోను వానినే నక్షత్రములని లెక్కింతురు గనుక పిల్లలకు రెండు భాషలందును తెలిసియుండును.

రోహిణి కార్తెలో, మే నెల చివర, ఎండ మండుచుండును. 15 డిగ్రీల వేడిమి గల లీటరు నీటిలో సుమారు 10 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 30 డిగ్రీలైనచో ఏడున్నర మిల్లీగ్రాములే. అందుచేత మిట్టమధ్యాహ్నము చేపలు మేత మాని లోతున నీడలో పడియుండును. తెల్లవాఱు జామున, ప్రొద్దు గ్రుంకు వేళ గాలము వేయవలయును. పగటివేళ ఎండలో కూర్చున్న బాలునికి చేప దొరకదు, వడదెబ్బ మాత్రము దొరకును. ఐతే కొఱ్ఱమట్ట దీనికి భిన్నము. అది నీటి ప్రాణవాయువుతో తృప్తిపడక, పైకి వచ్చి గాలి మ్రింగి పోవుచుండును. నీరు తగ్గిన చెరువులో, నాచు అంచున బుడగ వచ్చి పగులు చోటు దాని జాడ. ఆ చోటికి మిడతనో చిన్న చేపనో కట్టిన గాలమును బెండు లేకుండ జారవిడిచి, నీటిపై మెల్లగా ఆడింపవలయును. కొఱ్ఱమట్ట ఎఱను లటుక్కున పట్టి నాచులోనికి దూరును. పట్టిన వెంటనే లాగినచో గాలము నోటినుండి జారును. రెండు మూడు అంకెలు లెక్కించి లాగవలయును. ఆ రెండు మూడు అంకెలు లెక్కించుట పిల్లలకు ఎక్కములకంటె కష్టమైన పని!

మృగశిర, ఆరుద్ర, పునర్వసు కార్తెలు. మృగశిర ప్రవేశమున చేపలు తినుట మనవారి ఆచారము. తినుటకు అభ్యంతరము లేదు. కాని ఈ మూడు కార్తెలలో మేము పిల్లలను వాగునకు కొనిపోము. మా కారణములు రెండు.

మొదటిది ప్రాణభయము. పైని చెప్పిన సంఘటనయే నిదర్శనము. వాగు నీటిలో ఆకులు, పుల్లలు హఠాత్తుగా తేలివచ్చినను, తేటనీరు ఎఱ్ఱబడినను, చప్పుడు మారినను, ఆకాశము నిర్మలముగా నున్నను, కఱ్ఱను వదలి గట్టెక్కవలయును. గాలము ధర పది రూపాయలు. పెద్ద నదుల విషయమున తాతలనాటి గుర్తులు కూడ నమ్మదగినవి కావు. సంగమమునకు దిగువ మేడిగడ్డ వద్ద కట్టిన ఆనకట్ట 2019 జూన్ 21న ప్రారంభమాయెను. నీరు నిలిపినపుడు వెనుక నీరు పెరుగును. తలుపులు ఎత్తినపుడు దిగువన వాన లేకయే నది పొంగును. 2022 జులైలో గోదావరి వఱదలు సిరొంచ తాలూకాను ముంచినవి. 2023 అక్టోబరులో ఆ ఆనకట్ట స్తంభములు కొన్ని క్రుంగగా నిలువచేసిన నీటిని విడిచిపెట్టిరి. ఒడ్డున ఇసుకతిన్నె నిన్న ఉన్న చోట నేడు ఉండునను నమ్మకము లేదు.

రెండవది చేపల వంశము. క్రొత్త నీరు రాగానే చేప ఎదురెక్కును. గ్రుడ్లతో నిండిన కడుపుతో ఏటికి ఎదురీది, పల్లపు పొలములలోనికి, చిన్న వాగులలోనికి ఎక్కి గ్రుడ్లు పెట్టును. బొచ్చె, రవ్వ, మిరిగ నిలువ నీటి చెరువులో సహజముగా గ్రుడ్లు పెట్టవు. వానికి పాఱు వఱదనీరు కావలయును. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి సూదిమందుతో ఈ జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించువఱకు చెరువులకు పిల్లలను చాలవఱకు నదులనుండియే తేవలసి యుండెను. ఎదురెక్కు చేపను చేతితో పట్టవచ్చును, అంత సులువు. అందుచేతనే పట్టరాదు. ఒక రవ్వ తల్లి కడుపున లక్షలకొలది గ్రుడ్లుండును. కొఱ్ఱమట్ట ఇంకొక విధము. దాని పిల్లలు ఎఱ్ఱని గుంపుగా నీటిపై తిరుగుచుండ తల్లిదండ్రులు క్రిందనుండి కావలికాయును. దగ్గఱకు వచ్చిన దేనినైనను కఱచును. ఆ సమయమున ఏ ఎఱకైనను పడును. కావలి పోయిన పిల్లలను ఇతర చేపలు గంటలో మ్రింగివేయును. ఎఱ్ఱ గుంపు కనబడిన చోట గాలము వేయరాదని పిల్లలకు చెప్పితిమి. ఈ ఒక్క నియమమును వారు మా భయముచేత గాక తమంత తామే పాటించుచున్నారు.

వానలు తగ్గి ఉత్తర, హస్త కార్తెలు వచ్చునప్పటికి నీరింకను కొంచెము కలకగానే ఉండును. కలకనీటిలో చేప కన్నుతో గాక వాసనతో, మీసములతో మేత వెదకును. అప్పుడు వానపామును మించిన ఎఱ లేదు. దీనికి నేల గాలము తగును. బెండు తీసివేసి, సీసపు గుండు బరువు పెంచి, ఎఱ అడుగున నిలుచునట్లు వేసి, దారమును వ్రేలిపై ఉంచుకొని కూర్చుండవలయును. జెల్ల కొఱికినచో టక్కుమని తెలియును. బొమ్మిడాయి ముట్టినచో దారము మెల్లగా ప్రక్కకు జరుగును. జెల్లల రెక్కలయందును వీపునందును ముల్లుండును. ఇంగిలికము ముల్లు విషము గలది, గ్రుచ్చుకొన్నచో ఏడ్పించును. చేపను తడిబట్టతో తలవెనుక పట్టవలయును. ముల్లు గ్రుచ్చుకొన్నను, గాలము వ్రేలిలో దిగినను ఆకుపసర్లతో కాలయాపన చేయక ఆరోగ్య కేంద్రమునకు కొనిపొండు. ధనుర్వాతపు సూది తప్పదు.

చలికాలమున నీరు తేటపడును. తెల్లవాఱు జామున పోవుట వృథా. ఎండ కాగి, పల్లపు నీరు వెచ్చబడు పదునొకండు గంటలనుండి మూడు గంటలవఱకు మేలు. తేటనీటిలో చేప మనలను చూచును. గట్టున నిలువక కూర్చుండవలయును. నీడ నీటిపై పడరాదు. అడుగుల చప్పుడు చేయరాదు. చేప దేహమునకు ఇరుప్రక్కల నున్న రేఖ నీటి కదలికను గ్రహించును. సన్నని తంగూసు, చిన్న గాలము, చిన్న ఎఱ వాడవలయును. తొమ్మిదవ తరగతివారికి ఇచ్చటనే కాంతి వక్రీభవనము చెప్పితిమి. తేటనీటిలో నాలుగడుగుల లోతు పైనుండి చూచువానికి మూడడుగులుగానే కనబడును. కఱ్ఱను నీటిలో ముంచి కొలిచి చూచినపుడు పిల్లలు ఆశ్చర్యపడిరి. "సార్, అట్లయితే నడుము లోతని దిగితే మెడదాంక వస్తది" అని ఒక బాలిక అనెను. నల్లబల్లపై గీతలు గీసి ఎన్నియో యేండ్లు చెప్పిన పాఠమునకు ఇట్టి ఉపయోగము మాకును తోచలేదు.

ఆ బాలికయే మఱియొక ప్రశ్న వేసెను: ఆడపిల్లలు గాలము వేయరాదా? మన ఇండ్లలో చిన్న వాగులలో బుట్టలతో చేపలు దేవునది స్త్రీలే గదా. ఎందుకు వేయరాదు?

నదిలోని పెద్ద మడుగులలో వాలుగ యుండును. వెడల్పు నోరు, పదునైన పండ్లు గలది. రాత్రివేళ తిరిగి చిన్న చేపలను వేటాడును. దీనికి గట్టి దారము, పెద్ద గాలము, సజీవమైన పరకను ఎఱగా పెట్టి ప్రొద్దు గ్రుంకిన తరువాత వేయుదురు. ఇది పెద్దల పని. బడిపిల్లలకు వలదు. చుట్టుయంత్రము గల రీలు కఱ్ఱలు ఇప్పుడు అంగళ్లలో దొరకుచున్నవి. మెఱయు రేకును ఎఱగా దూరముగా విసరి, దారమును చుట్టుకొనుచు, అది ఈదు చిన్న చేపవలె కనబడునట్లు చేయుదురు. తేటనీటిలో, వేటాడు చేపలకే ఇది పనికివచ్చును. మిరిగవంటి శాకాహారికి నూఱుసారులు విసరినను వ్యర్థము. రీలు కఱ్ఱలు కొన్ని బొగ్గుపీచుతో చేయబడినవి. అవి విద్యుత్తును ప్రవహింపజేయును. తీగల క్రింద విసరరాదు. పచ్చి వెదురును కూడ ఈ విషయమున నమ్మరాదు.

విసురువల, ఊత, మావు అనునవి బెస్తవారి జీవనోపాధి సాధనములు. విసురువల గుండ్రముగా విచ్చుకొని పడుట చూచుటకు ఆనందమే. కాని వినోదమునకు పోవువాడు ఇంటిల్లిపాదికి ఒక పూటకు చాలిన నాలుగు చేపలతో తృప్తిపడవలయును. చెరువులు చాలవఱకు మత్స్య సహకార సంఘములకు కౌలునకు ఇయ్యబడి యుండును. అందులో అడుగక గాలము వేయుట దొంగతనమగును. చప్రాళవంటి అభయారణ్యములలో సెలవు లేనిదే ఏ వేటయు కూడదు.

నాటుమందు ప్రేల్చుట, నీటిలో విషము కలుపుట చట్టము ప్రకారము నేరములు. కరెంటు తీగలు నీటిలో వేయువారును మన ప్రాంతమున లేకపోలేదు. వారు చేపలతోపాటు తమ ప్రాణములను కూడ తీసికొనుచున్నారు. ఇంకొక మాట చెప్పుటకు మాకు సంకోచముగా నున్నది. మలేరియా నివారణకై ఇచ్చిన దోమతెరలను కొందఱు చీరి వాగులో అడ్డముగా కట్టుచున్నారు. బియ్యపు గింజంత చేపపిల్ల కూడ అందులోనుండి తప్పించుకొనలేదు. తెర లేని ఇంట బిడ్డకు జ్వరము, చేప లేని వాగు, రెండును ఒకేసారి సంపాదించుట ఇది.

చిన్న చేప పడినచో విడిచిపెట్టవలయును. విడుచుటకును పద్ధతి కలదు. పొడిచేతితో పట్టినచో దాని ఒంటిమీది జిగురు ఊడి, తరువాత బూజు పట్టి చచ్చును. చేయి తడుపుకొని, నీటిపైననే గాలము తీసి, చేప తనంత తాను ఈదువఱకు తల ప్రవాహమునకు ఎదురుగా ఉంచి పట్టుకొనవలయును.

ఇక మా తెలుగు పనికి వచ్చుచున్నాము. గాలమును మరాఠీలో గళ్ అందురు. గోండీలో చేప మీన్, మన మీను వంటిదే. పిల్లలు ఈ పోలికలను మాకంటె ముందే పట్టుకొనిరి. రవ్వను కోస్తావారు శీలావతి యనియు, మిరిగను ఎఱ్ఱమోసు అనియు అందురని చెప్పగా నవ్విరి. అంతవఱకు బాగుగనే యున్నది. కాని బల్లపైనున్న జెల్లను చూపి పేరడిగినపుడు, పదిమందిలో ఆఱుగురు "మాసా" అని ఊరకుండిరి. మరాఠీలో మాసా అనగా చేప యని మాత్రమే అర్థము. ఏ చేప యను జ్ఞానము వారికి ఏ భాషలోను లేదు. జెల్ల, ఇంగిలికము, మార్పు అను మూడు పేర్లు తెలిసినవాడు మూడు చేపలను చూచును. తెలియనివాడు ఒక్కదానినే చూచును, ముల్లు గ్రుచ్చుకొనువఱకు. సిరొంచ చెంత కోట గ్రామపు రాళ్లలో రాక్షసబల్లుల కాలమునాటి చేపల శిలాజములు దొరకినవి. వానికి శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టి పుస్తకములలో నిలిపిరి. మన వాగులోని బ్రతికియున్న చేపల పేర్లు మన ఇండ్ల ముసలివారి నోళ్లలో మాత్రమే యున్నవి.

అందుచేత తల్లిదండ్రులను ఒకటి కోరుచున్నాము. మీ ఇంట, మీ ఊర ఏ చేపను ఏమందురో, అది ఏ కార్తెలో ఏ నీటిలో దొరకునో పిల్లలచేత వ్రాయించి పంపుడు. తెలుగు, మరాఠీ, గోండీ, మాడియా పేర్లు ప్రక్కప్రక్కన వ్రాయుటకు పాఠశాలలో ఒక పెద్ద పుస్తకము తెఱచియున్నాము. దీపావళికి ముందు వచ్చి మమ్ము ప్రశ్నించిన ఆ తండ్రిగారు మొన్న కుమారునిచేత ఒక కాగితము పంపిరి. అందు పదునాలుగు పేర్లున్నవి. వానిలో మూడు మేము ఎన్నడును వినలేదు. ఆ చేపలను చూపుటకు స్వాతి కార్తెలో మమ్మును వెంట తీసికొనిపోవుదుమని అడుగున వ్రాసిరి.